కోళ్ల షెడ్డులో రాక్ అండ్ రోల్!

లివర్‌పూల్‌లో టాక్సీ ఎక్కితే డ్రైవరే గైడు. బీటిల్స్ కుర్రాళ్లు ఎక్కడ చదువుకున్నారు, ఎక్కడ బస్సెక్కేవారు, ఏ నేలమాళిగలో తొలిరోజుల్లో వాయించారు... అన్నీ వరసగా చెబుతూ ఊరంతా తిప్పుతాడు. పాల్ మెకార్ట్‌నీ పెరిగిన ఇల్లు మునిసిపాలిటీ వాళ్లు కట్టించిన మామూలు అద్దె కొంప. దాన్ని 1995లో నేషనల్ ట్రస్టు తీసుకుంది. జాన్ లెనన్ పెరిగిన పెద్దమ్మ ఇంటిని యోకో ఓనో కొని 2002లో అదే ట్రస్టు చేతిలో పెట్టింది. 1973లో మూతబడ్డ కావర్న్ క్లబ్బుని 1984లో పాత ఇటుకలే చాలావరకు వాడి మళ్లీ కట్టారు. ఇక లండన్ ఆబీ రోడ్డు మీది జీబ్రా గీతల సంగతి చెప్పనే అక్కర్లేదు. 1969 ఆగస్టు 8న నలుగురూ వాటి మీద నడుస్తుంటే ఫొటోగ్రాఫరు తీసినవి ఆరే ఆరు ఫొటోలు. 2010లో ఆ గీతల్ని రక్షిత కట్టడాల జాబితాలో చేర్చారు. రోడ్డు మీద తెల్లరంగు గీతలకి అంత మర్యాద!

"మన హైదరాబాద్‌కి అలాంటి యాత్ర ఏదీ లేదా గురూ?" అని సౌండ్ సిస్టమ్స్ అద్దెకిచ్చే మిత్రుణ్ణి అడిగాను. నవ్వుతాడనుకుంటే నవ్వలేదు. ఒక ఫోన్ నంబరిచ్చాడు.

ఆ నంబరుగల ఆసామికి యాభై దాటాయి. ఇప్పుడు సొంత కారు తోలుకుంటున్నాడు. 1996 నుంచి 2001 దాకా ఒక రాక్ బ్యాండులో బేస్ గిటారు వాయించాడు. రోజుకి 2,500, డీజిలు వేరే అని బేరం కుదిరింది. పేరు మాత్రం రాయొద్దన్నాడు. "మా అల్లుడు మీ పత్రిక చదువుతడు తమ్మీ!" అట. కనుక ఈ వ్యాసం పొడుగునా ఆయన మనకి 'అన్న'.

"సిటీలో ఏమేం చూపిస్తారన్నా?" అన్నాను.

"సిటీల ఏముంది? హోటళ్లున్నయి, పబ్బులున్నయి. పైసలిస్తే ఎవరైనా చూస్తరు. నేను చూపించేది మేడ్చల్, శామీర్‌పేట."

రాక్ మ్యూజిక్‌కీ శామీర్‌పేటకీ చుట్టరికమేమిటని మీకు అనుమానం రావచ్చు. నాకూ వచ్చింది.

జూబ్లీ బస్‌స్టేషన్ దగ్గర పొద్దున్న ఎనిమిదింటికి కారెక్కాను. కార్ఖానా, తిరుమలగిరి, లోతుకుంట, అల్వాల్. ఈ దారంతా కంటోన్మెంటు గాలి. 1806లో సికింద్రాబాద్ కంటోన్మెంటు ఏర్పడినప్పుడు తుపాకులతో పాటు ట్రంపెట్లూ క్లారినెట్లూ డ్రమ్ములూ దిగాయి. పటాలం బ్యాండు చూసి పెళ్లి బ్యాండు పుట్టింది. ఎర్రకోటు, బంగారు జరీ, తలమీద టోపీ... మన ఊరేగింపుల్లో కనిపించే ఆ వేషం వెనక ఉన్నది సైన్యమే.

"నాకు గిటారు నేర్పిన అంకుల్ ఇల్లు ఈ సందులనే ఉండె" అని తిరుమలగిరిలో కారు నెమ్మది చేశాడు అన్న. ఆంగ్లో ఇండియన్ పెద్దమనిషట. రైల్వేలో ఉద్యోగం, క్రిస్మస్‌కి డాన్సుల్లో గిటారు. ఇప్పుడా ఇంటి చోట నాలుగంతస్తుల అపార్ట్‌మెంటు. కింద మందుల షాపు. అంకుల్ పిల్లలు ఆస్ట్రేలియాలో.

ఆంగ్లో ఇండియన్ అనగానే సినిమాల్లో వేళాకోళం పాత్రలు గుర్తొస్తాయి గానీ, మన దేశంలో గిటారుని ఇంటింటి వస్తువు చేసినవాళ్లు వాళ్లు. అన్నట్టు, బీటిల్స్‌కి రింగో స్టార్ కంటే ముందు డ్రమ్స్ వాయించిన పీట్ బెస్ట్ పుట్టింది ఎక్కడో తెలుసా? మద్రాసులో, 1941లో! ఎంగెల్‌బర్ట్ హంపర్‌డింక్ పుట్టిందీ మద్రాసే. క్లిఫ్ రిచర్డ్‌ది లక్నో. ఫ్రెడ్డీ మెర్క్యురీ మొదటి బ్యాండు కట్టింది పంచగని బళ్లో. ఇంత బంధుత్వం పెట్టుకుని రాక్‌ని 'పరాయి పాట' అనడం నాకైతే బాగాలేదు.

అన్న తరానికి గిటారు పిచ్చి ఎక్కించినవి మాత్రం రెండు. ఒకటి సినిమా, రెండు టీవీ. సినిమా సంగతి మొదట్నుంచీ అంతే. బిల్ హేలీ 'రాక్ అరౌండ్ ద క్లాక్' 1954లో రికార్డుగా వస్తే పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. మరుసటేడు 'బ్లాక్‌బోర్డ్ జంగిల్' సినిమా టైటిల్స్ మీద వినిపించేసరికి ప్రపంచం ఊగిపోయింది. మనకి 1965లో 'గుమ్‌నామ్'లో టెడ్ లయన్స్ బృందం ముసుగులేసుకుని గిటార్లు మోగించింది. 1973లో 'యాదోం కీ బారాత్' వచ్చింది. అదే మనకి 1975లో 'అన్నదమ్ముల అనుబంధం'. చిన్నతనంలో ఆ సినిమా చూశాక చీపురు పుల్లల కట్టని గిటారులా పట్టుకుని అద్దం ముందు నిలబడ్డానని అన్న ఒప్పుకున్నాడు. ఇక 1991లో ఉపగ్రహ టీవీలో ఎం టీవీ దిగింది. కేబులు కనెక్షన్ ఉన్న స్నేహితుడింట్లో ఆరుగురు కుర్రాళ్లు వరసగా కూర్చుని తెరమీది వేళ్లనే చూసేవారట.

"మొదటి గిటారు ఏ కంపెనీ?"

"గివ్‌సన్!"

"గిబ్సనా?!"

"గిబ్సన్ కాదు తమ్మీ, గివ్‌సన్. కలకత్తాది. గిబ్సన్ కొననీకి మా బాపు గుర్రప్పందేలు ఆడాలె."

హకీంపేట విమానాల స్టేషన్ దాటి, రాజీవ్ రహదారి వదిలి జవహర్‌నగర్ వైపు కుడికి తిరిగాం. గుట్టలు, బండరాళ్లు, ఉన్నట్టుండి ఒక పెద్ద గేటు. బిట్స్ పిలానీ వారి హైదరాబాద్ క్యాంపస్. 2008లో మొదలైంది. సెక్యూరిటీ మమ్మల్ని లోపలికి వదల్లేదు. వదలాల్సిన పని కూడా వాళ్లకేం లేదు. గేటుకి ఇవతల చెట్టు నీడన కారాపి, బానెట్ మీద చెయ్యానించి అన్న చెప్పడం మొదలుపెట్టాడు. మొదటి 'ల్యాండ్‌మార్కు' ఇదేనట.

ఇక్కడ ఏటా జరిగే సాంస్కృతిక ఉత్సవం పేరు 'పెర్ల్'. ఆ పక్క శామీర్‌పేటలో నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. 1990ల చివరినుంచి మేడ్చల్ రోడ్డు పొడుగునా ఇంజనీరింగ్ కాలేజీలు లేచాయి. కాలేజీ అంటే ఉత్సవం, ఉత్సవమంటే రాత్రి స్టేజీ, స్టేజీ అంటే బ్యాండు! సిటీ క్లబ్బులో వాయించాలంటే పాత హిందీ పాటలు అడుగుతారు. పెళ్లిలో అయితే బావమరిది స్టేజీ ఎక్కి మైకు లాక్కుంటాడు. గొంతు చించుకుని సొంత పాట పాడితే వినేవాడు కాలేజీ కుర్రాడొక్కడే. అందుకని హైదరాబాద్ రాక్‌కి అసలు గడ్డ ఈ శివారు మైదానాలే అంటాడు అన్న. నాకు సబబుగానే తోచింది.

ఆయన బ్యాండు విడిపోయాకే ఈ క్యాంపస్ వచ్చింది. అయినా ఇది ఆయనకి కొట్టినపిండి. మినీ వ్యానులో స్పీకర్లు, మిక్సర్లు తోలుకొచ్చి ఎన్నో రాత్రులు ఇక్కడ గడిపాడట. "మధ్యాహ్నం మూడింటికి సౌండ్ చెక్ అంటరు. ఆరింటిదాక వైర్లే దొరకయి. డ్రమ్ములకే అయిదారు మైకులు. పిల్లలు బిర్యానీ పెడ్తరు. ఇగ రాత్రి మొదటి బేస్ నోటు కొట్టంగనే ఛాతీల దడదడమంటది సూడు... గప్పుడు వ్యాను డ్రైవరునన్న సంగతి మర్చిపోయేటోణ్ణి."

మరి వాళ్ల రోజుల్లో కాలేజీల్లో ఏ పాట పేలింది? మెటాలికాయా, పింక్ ఫ్లాయిడా? కాదు! పవన్ కల్యాణ్ 'తమ్ముడు' (1999). రమణ గోగుల స్వరపరచి పాడిన అందులోని ఇంగ్లీషు పాట. తెలుగు సినిమాలో తెలుగు ముక్క లేని పాట పెట్టడం, దాన్ని బి, సి సెంటర్ల కుర్రకారు కూడా ఈలలేసి పాడుకోవడం... అప్పటికది వింతే. ఆ మరుసటేడు 'బద్రి'. "అప్పటిదాక మేము ఇంగ్లీషు పాట ఎత్తుకుంటే వెనక బెంచీలు అరిచేటియి. 'తమ్ముడు' వచ్చినంక వన్స్ మోర్!" అన్నాడు. 2025 సంక్రాంతికి 'సంక్రాంతికి వస్తున్నాం'లో అదే రమణ గోగుల గొంతు మళ్లీ వినిపించినప్పుడు అన్న కారు పక్కకాపి విన్నాడట. ఇప్పటి కుర్రాళ్లు ఇంకా దూరం పోయారు. హైదరాబాద్ నుంచే 'గాడ్‌లెస్' అనే డెత్ మెటల్ బ్యాండు 2021లో 'స్టేట్స్ ఆఫ్ కేయాస్' అని పూర్తి ఆల్బమే విడుదల చేసింది. అది వింటే మీ ఇంట్లో పెద్దవాళ్లు డాక్టరుకి కబురు చేస్తారు. అది వేరే విషయం!

మళ్లీ రహదారి ఎక్కి శామీర్‌పేట చెరువు గట్టుకి చేరేసరికి ఎండ నెత్తికెక్కింది. షూటింగులకి పేరుపడ్డ చెరువు. గట్టుమీద కట్టమైసమ్మ గుడి, దగ్గర్లోనే జింకల పార్కు. గుడి దగ్గర ఎవరో మొక్కు తీర్చుకుంటున్నారు. డప్పులు మోగుతున్నాయి. అన్న అప్రయత్నంగా స్టీరింగ్ మీద వేళ్లతో తాళం వేశాడు. "సూడు, డప్పులో కూడ బేస్ ఉంటది" అన్నాడు.

చుట్టూ బండలే బండలు. ఒకదానిమీద ఒకటి ఎవరో పేర్చిపెట్టినట్టు! సుమారు 250 కోట్ల ఏళ్ల వయసున్న గ్రానైటు. హైదరాబాద్‌లో ఈ రాళ్లని కాపాడుకోవడానికే 1996 నుంచి ఒక సంఘం ఉంది. అసలు సిసలు 'రాక్ టూర్లు' నడిపేది వాళ్లే మరి! అయితే పాటలోని 'రాక్'కీ రాయికీ సంబంధం లేదండోయ్. అది ఊయల ఊగడంలోని ఊపు.

డబ్బాలో తెచ్చుకున్న పులిహోర తింటూ, రాక్ ఎందుకిలా ఊరవతలకి తరుముకొచ్చిందని మాట్లాడుకున్నాం. ఒక కారణం చట్టం. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా బయట లౌడ్‌స్పీకరు మోగకూడదు. 2005లో సుప్రీంకోర్టు దాన్ని గట్టిగా ఖాయం చేసింది. ఇళ్ల మధ్య రాత్రిపూట హద్దు 45 డెసిబెల్స్. మన ఇళ్లలో మిక్సీయే అంతకంటే గట్టిగా అరుస్తుంది! నిద్రపోయే పసిపిల్లలూ పరీక్షల పిల్లలూ ఉన్నారు గనుక చట్టాన్ని తప్పుపట్టను. కానీ డ్రమ్ము నేర్చుకునే కుర్రాడు ఎక్కడికి పోవాలి? పొలాలకి పోవాలి.

ప్రపంచమంతా ఇదే తంతు. 1969లో వుడ్‌స్టాక్ ఉత్సవానికి ఆ ఊరే చోటివ్వలేదు. చివరికి బెతెల్ అనే పల్లెలో మాక్స్ యాస్గర్ అనే పాడిరైతు తన పొలం ఇచ్చాడు. నాలుగు లక్షలమంది చేరారు. 2008 నుంచి అక్కడొక మ్యూజియం. ఇంగ్లండులో గ్లాస్టన్‌బరీ ఉత్సవం 1970లో మొదలైంది మైకేల్ ఈవిస్ పొలంలో. ఆయనా పాడిరైతే. టిక్కెట్టు ఒక పౌను, పాలు ఉచితం!

"గట్లనా! వాళ్లకి పాలాయన దొరికిండు. మాకు కోళ్లాయన దొరికిండు. పా, సూపిస్త!" అని లేచాడు అన్న.

శామీర్‌పేట నుంచి అవుటర్ రింగురోడ్డు మీద మేడ్చల్ ఎంతోసేపు పట్టదు. మేడ్చల్ ఒకప్పుడు ద్రాక్షతోటలు, కోళ్లఫారాలు. నాగపూరు హైవే, రైలుస్టేషను. 2016లో జిల్లా పేరులోకెక్కింది. 2023 ఏప్రిల్‌లో లోకల్ రైలొచ్చింది. ఇప్పుడు దారిపొడుగునా 'వెంచర్' బోర్డులు. బోర్డుల మీద సినిమా తారల ఫొటోలు చూసి, ఇదేదో కొత్త సినిమా పోస్టరనుకున్నాను కాసేపు.

హైవే దిగి మట్టిరోడ్డు పట్టుకుని ఒక మామిడిచెట్టు కింద ఆగాం. రెండు పొడుగాటి రేకుల షెడ్లు. ఒకటి సగం కూలింది. రెండోది నిలబడివుంది. నడుము ఎత్తు గోడ, ఆపైన ఇనప జాలీ, పైన సిమెంటు రేకులు. అచ్చం మీరెప్పుడూ చూసే కోళ్ల షెడ్డే. కానీ లోపల ఒక మూల గోడనిండా, పైకప్పు కిందా... గుడ్ల అట్టలు! ముప్ఫై గుడ్లు పట్టే ఆ బూడిదరంగు అట్టలు వందలకొద్దీ. వానకి నాని, ఎలకలు కొరికి, సగం రాలిపోయి ఉన్నాయి.

1996లో నలుగురు కుర్రాళ్లకి ప్రాక్టీసు చోటు లేక, ఇళ్లలో తిట్లు తిని, సైకిళ్ల మీద వెతుక్కుంటూ ఇక్కడికొచ్చారట. అప్పట్లో ఫారం నడుపుతున్న పెద్దాయన ఖాళీ షెడ్డు నెలకి 600కి ఇచ్చాడు. గుడ్ల అట్టలు పెడితే శబ్దం ఆగుతుందని ఎవరో చెప్పారు. ఇదొక భ్రమ, వాటివల్ల లోపలి ప్రతిధ్వని కొంచెం తగ్గుతుందేమో గానీ శబ్దం బయటికి పోకుండా ఆగదు. అందులోనూ జాలీ గోడ! మొదటిరోజు డ్రమ్ము మోగగానే పక్క షెడ్డులో రెండువేల కోళ్లు ఒక్కసారి లేచి గోలపెట్టాయి. మర్నాడు పెద్దాయన లెక్కచూసుకుంటే గుడ్లు తగ్గాయి.

"ఎల్లగొట్టిండా?" అన్నాను, నాకూ ఆయన భాష అంటుకుని.

"ఎల్లగొట్టలే. కూసోబెట్టి మాట్లాడిండు. కోడి పొద్దుగాల్నే గుడ్డు పెడ్తది. పగటీలి గుడ్లు ఏరుకున్నంక రమ్మన్నడు. ఊక నింపిన గోనెసంచులు జాలీకి అడ్డం పేర్వుమన్నడు."

ఊక సంచుల గోడ బాగా పనిచేసిందట. ధ్వని శాస్త్రం చదవకపోయినా రైతుకి ఏ వస్తువు దేన్ని ఆపుతుందో తెలుసు! మధ్యాహ్నం రెండు నుంచి అయిదు దాకా ప్రాక్టీసు. కరెంటు పోతే గిటార్లు మూగబోయేవి, డ్రమ్ములు ఒక్కటే సాగేవి. బేస్‌కి వేరే ఆంప్లిఫయరు కొనే తాహతు లేక, గుళ్లో వాడే అహూజా పెట్టెకే వైరు తగిలించాడు అన్న. వానాకాలం రేకుల మీద వాన పడితే ఎవరేం వాయిస్తున్నారో తెలిసేది కాదు. అయిదేళ్లు అలా గడిచాయి. కాలేజీ పోటీల్లో మూడుసార్లు ప్రైజు కొట్టారు. సొంత పాటలు పదకొండు కట్టారు. ఒక్కటీ రికార్డు కాలేదు. స్టూడియోకి గంటకింత అని కట్టే డబ్బు ఏనాడూ నలుగురి దగ్గరా ఒకేసారి లేదు.

ఆ తర్వాత? డ్రమ్మరు డాలస్ వెళ్లాడు, సాఫ్టువేరు. పాటగాడు బ్యాంకు. లీడ్ గిటారు కుర్రాడు 2004లో బండి ప్రమాదంలో పోయాడు. అన్న ఆ మాట చెప్పి కాసేపు అట్టలకేసి చూస్తూ ఊరుకున్నాడు. నేనూ ఏమీ అడగలేదు. పదకొండు పాటల్లో తనకి ఇప్పుడు ఆరే పూర్తిగా జ్ఞాపకమని తర్వాత తనే చెప్పాడు.

పెద్దాయన కర్ర పట్టుకుని నెమ్మదిగా వచ్చాడు. ఎనభై దాటాయి. అన్నని గుర్తుపట్టి "ఏంరా బూంబూం, బాగున్నవా?" అన్నాడు. బేస్ గిటారు చప్పుడుకి ఆయన పెట్టిన పేరది. నన్ను చూపించి "పత్రికాయన కాకా, మన షెడ్డు మీద రాస్తడట" అన్నాడు అన్న.

"ఏం రాస్తడు? సోమవారం జేసీబీ వస్తది" అన్నాడు పెద్దాయన.

కొడుకులు అమ్మేశారట. ప్లాట్లు చేస్తున్నారు. ఆయన గొంతులో ఏడుపూ లేదు, కోపమూ లేదు. కోళ్ల దాణా ధర, జబ్బులు, కూలీల కొరత వరసగా చెప్పుకొచ్చాడు. పదేళ్లుగా షెడ్లు ఖాళీ. అమ్మక ఏం చేస్తారు? నిజమే. లివర్‌పూల్ వాళ్లకి ట్రస్టుంది. ఇక్కడ పాట రికార్డే కాని బ్యాండు ప్రాక్టీసు చేసిన షెడ్డుకి ఎవరు బోర్డు పెడతారు? పెట్టమని నేనూ అనలేను. కానీ సిటీలో పేరున్న ప్రతి బ్యాండు వెనకా ఇలాంటి షెడ్డో, మిద్దె మీద గదో ఒకటి ఉండే ఉంటుంది. వాటిలో సగం ఇప్పటికే పార్కింగు స్థలాలై ఉంటాయి.

"కాకా, ఒక్కటి అడుగుత" అన్నాడు అన్న. షెడ్డు చివర రేకు తలుపు. తుప్పుపట్టి ఓరగా వేలాడుతోంది. లోపలి వైపు ఎర్ర పెయింటుతో నాలుగు పేర్లు, పక్కన వంకరగా ఒక గిటారు బొమ్మ. లీడ్ గిటారు కుర్రాడు వేసిందట. "ఈ తలుపు నాకియ్యి."

"తీస్కపో. పాత ఇనుమోడు కిలోకి ఇంతని ఇస్తడు, నువ్వేమిస్తవ్?" అని నవ్వాడు పెద్దాయన. ఆపైన లోపలికి కేకేసి మనవడిచేత సుత్తీ పానా తెప్పించాడు.

బందులు ఊడదీయడానికి అరగంట పట్టింది. ఒక బోల్టు ఎంతకీ కదలకపోతే పెద్దాయనే కిరసనాయిలు పోయించాడు. తీరా తీశాక తలుపు కారు డిక్కీలో పట్టలేదు. పైన కట్టడానికి క్యారియరు లేదు. హైవే మీదికి పోయి ట్రాలీ ఆటోని పిలుచుకొచ్చాం. అల్వాల్ దాకా 900 అన్నాడు. అన్న 600 అన్నాడు.

"తుప్పు తలుపుకి ఇంత కిరాయా అన్నా? కొత్తదే వస్తది గద!" అన్నాడు ఆటో కుర్రాడు.

"పేర్ల దిక్కు పైకి పెట్టు. తాడు బొమ్మ మీదికెళ్లి కట్టకు" అన్నాడు అన్న. 700కి బేరం తెగింది.